ఆఖరి సెక్షనుకి పేరెవరు పెట్టారు

మా సాన్ ఎపిఫానియో హైస్కూలు గేటు పక్కన ఇరవై ఆరేళ్ళుగా అరటిపండ్లు వేయించి, పంచదార పాకం పట్టించి, పుల్లకి గుచ్చి అమ్ముతున్నాను. ఈ ఇరవై ఆరేళ్ళలో ఏడుగురు హెడ్మాస్టర్లు మారారు. మూడు తుఫాన్లకి మూడుసార్లు పైకప్పు లేచిపోయి ఎవరి పెరట్లోనో పడింది. మారనివి రెండే, నా మూకుడూ, దిమాందల్ మేడమూ. పోయిన అక్టోబరులో మేడమ్ రిటైరయ్యారు. వీడ్కోలు సభకి జిల్లా ఆఫీసు నుంచి ఓ పెద్దమనిషి వచ్చి, నలభై ఏళ్ళ ఉద్యోగాన్ని నాలుగు ముక్కల్లో తేల్చేశాడు. ఆవిడ పేరు కూడా తప్పు చదివాడు. "అంకితభావం గల ఉపాధ్యాయిని" అన్నాడు. ఆ మాట ఏ టీచరుకైనా సరిపోతుంది, గేటు వాచ్‌మన్‌కైనా సరిపోతుంది. నాకు ఒళ్ళు మండింది. అందుకని ఎవరూ అడక్కపోయినా ఇది రాస్తున్నాను.

నా పేరు నెమెసియా. 1987లో ఈ స్కూల్లోనే నాలుగో సంవత్సరం చదివాను. చదివాను అనేది మర్యాదకి అంటున్న మాట. కూర్చున్నాను. మకహియ సెక్షన్లో కూర్చున్నాను.

మా స్కూలు మొదలైంది ఒక కొబ్బరి గోదాములో. ఒకవైపు కుడకల బస్తాలు, ఇంకోవైపు బెంచీలు. మొదటి బ్యాచ్ పిల్లలు ఇంటికి వెళ్తుంటే ఆ వాసనకి కుక్కలు వెంటబడేవని మా నాన్న చెప్పేవాడు. ఆ గోదాములోంచి పిల్లల్ని బయటికి తెచ్చి, ఊళ్ళో అందరి చేతా ఇటుకలు మోయించి, ఈ బిల్డింగు లేపింది మాగ్సినో సారు. మొదటి హెడ్మాస్టరు. మీసాలు, గంభీరం, మాట పొదుపు. ఆ మనిషికి ఉన్న ఒకే ఒక్క సరదా పూలు. అందుకని సెక్షన్లకి పూల పేర్లు పెట్టారు. అందరికంటే ఎక్కువ మార్కులొచ్చిన వాళ్ళది గులాబీ. తర్వాత మల్లె, సంపెంగ, మందారం, దేవగన్నేరు, నూరువరహాలు, చిట్టచివర బంతి. గులాబీ వాళ్ళకి గదిలో ఫ్యానుండేది. బంతి వాళ్ళకి కిటికీయే ఫ్యాను.

1981 జూన్‌లో పిల్లలు ఎక్కువైపోయి ఎనిమిదో సెక్షను పెట్టాల్సి వచ్చింది. బంతి కంటే కింద. దానికి గది కూడా లేక, బాత్రూముల పక్కనున్న పనిముట్ల కొట్టు ఖాళీ చేయించారు. బోర్డు మీద పేరు రాశారు, మకహియ అని.

ముట్టుకుంటే ఆకులు ముడుచుకునే అత్తిపత్తిని మేం మకహియ అంటాం. హియ అంటే సిగ్గు. మొక్కకైతే ముచ్చటైన పేరే. కానీ మా బాటంగస్ జిల్లాలో మనిషిని తాగుబోతు అనండి, సోమరి అనండి, పడతాడు. "వలాంగ్ హియ" అనండి, అంటే సిగ్గులేనివాడా అని, వెంటనే నడుం దగ్గర చాకు వెతుక్కుంటాడు. అలాంటి ఊళ్ళో, మార్కులు రాని పిల్లలందర్నీ ఏరి ఒక కొట్లో కూర్చోబెట్టి, గుమ్మం మీద సిగ్గు అని రాస్తే ఎలా ఉంటుంది? ఊరికి పండగే కదా.

"ఏరా మకహియ, సిగ్గు సెక్షను కదరా మీది, ఏదీ మరి సిగ్గు?" అని గులాబీ పిల్లలు జెండా వందనం దగ్గర మొదలుపెట్టేవాళ్ళు.

"ఇంట్లో మర్చిపోయొచ్చాం. నీ దగ్గరుంటే ఒక పూట అప్పివ్వు" అనేవాడు మా డోరింగ్. ఇప్పుడు జీపు నడుపుతున్నాడు. అప్పుడూ ఇప్పుడూ వాడి నోరు వాడి హారన్ కంటే పెద్దది.

ఆ కొట్టుకి టీచరుగా వేసింది కొత్తగా వచ్చిన దిమాందల్ మేడమ్‌ని. ఇరవై నాలుగేళ్ళు, సన్నగా రివటలా ఉండేవారట. మనీలాలో జీవశాస్త్రం చదివొచ్చారు. ఎండైనా వానైనా మబ్బైనా చంకలో మగవాళ్ళ నల్ల గొడుగు. కొత్తవాళ్ళకి చెత్త పని అంటగట్టడం ఏ ఊళ్ళోనైనా ఉన్నదే. ఒక ఏడాది ఓర్చుకుంటే తప్పించేస్తారులే అని అందరూ అనుకున్నారు. ఆవిడ నలభై ఏళ్ళు ఆ సెక్షను వదల్లేదు. మూడుసార్లు గులాబీ సెక్షను ఇస్తామన్నారు. మూడుసార్లూ వద్దన్నారు. "ఈవిడకేమైనా పిచ్చా?" అని మిగతా టీచర్లు నా బండి దగ్గర నిలబడి నా అరటిపండు తింటూనే అనేవాళ్ళు.

ఆవిడ క్లాసు ఎలా ఉండేదో చెప్తాను. హాజరు పిలిస్తే మేం "ప్రెజెంట్" అనకూడదు. పొద్దున్న ఏం తిన్నామో చెప్పాలి. "నెమెసియా?" "ఎండుచేప, అన్నం, మేడమ్." "డోరింగ్?" "కాఫీ, మేడమ్." "కాఫీతో పాటు?" "ఇంకొంచెం కాఫీ, మేడమ్." అలాంటి వాణ్ణి స్టాఫ్ రూముకి వెళ్ళి సుద్దముక్కలు తెమ్మనేవారు. అక్కడ సుద్దముక్కల పెట్టె పక్కనే ఉడకబెట్టిన చిలగడదుంపలు ఉండేవి. రోజూ పొద్దున్నే నలుగురో ఐదుగురో సుద్దముక్కలకి వెళ్ళేవాళ్ళు. అన్ని సుద్దముక్కలు ప్రపంచంలో ఏ స్కూల్లోనూ అరిగి ఉండవు. ఆ సంగతి మాలో ఒక్కడూ పైకి అనలేదు.

అలాగని మెతక మనిషి అనుకోకండి. శుక్రవారం మధ్యాహ్నం గచ్చుకి ఎర్ర మైనం రాసి, సగం కోసిన కొబ్బరి డొక్క కాలి కింద పెట్టుకుని రుద్దాలి. అన్ని సెక్షన్లూ రుద్దుతాయి. మేం మాత్రం మేడమ్ గొడుగుతో తాళం వేస్తుంటే రెండు వరసల్లో డాన్సు చేస్తూ రుద్దేవాళ్ళం. మూతి కనపడితే గానీ వదిలేవారు కాదు. "నెమెసియా, ఆ గచ్చులో నీ ముక్కు ఉందా?" "ఉంది మేడమ్." "రెండు కన్నాలూ?" "ఒకటే కనపడుతోంది మేడమ్." "అయితే రుద్దు." గులాబీ టీచరు తన గదిలోకి చెప్పులతోనే వెళ్ళేది. మా కొట్లోకి వచ్చేటప్పుడు మాత్రం గుమ్మంలో చెప్పులు విప్పేది. మొదటిసారి విప్పిన రోజు మా డోరింగ్ ఆ చెప్పుల్ని చూసి మీసం లేకపోయినా మెలేశాడు.

ఇంతకీ మా పేరు సంగతి. స్కూలు వదిలాక కూడా అది మమ్మల్ని వదల్లేదు. పెళ్ళి చూపుల్లో అడుగుతారు, "ఏ సెక్షను?" అని. చెప్తే నవ్వుతారు. దాంతో మేం మొండికెక్కి ఆ పేరునే జెండా చేసుకున్నాం. ఏటా ఊరి పండగ రోజున పాత మకహియ పిల్లలందరం డోరింగ్ వాకిట్లో చేరతాం. కొబ్బరి సారా మొదటి గ్లాసు ఎవరూ తాగకూడదు కదా, అది నేలకి, పోయినవాళ్ళకి. డోరింగ్ లేచి ఆ గ్లాసు ఎత్తి, "ఇది మాగ్సినో సారుకి! మనకీ పేరు పెట్టిన ఆ సిగ్గులేని పెద్దమనిషికి!" అని నేల మీద పోస్తాడు. మేమందరం "వలాంగ్ హియ!" అని అరుస్తాం. సారు పోయి పాతికేళ్ళయింది. బతికున్నప్పుడు కూడా పోశాం. ముప్ఫై ఏళ్ళుగా ఇదే తంతు.

మేడమ్ ప్రతి ఏడూ వచ్చేవారు. ఆ గ్లాసు నేలమీద పడే సమయానికి తేలు కుట్టిన దొంగలా తల దించుకుని, పళ్ళెంలో నూడుల్స్ అటూ ఇటూ జరుపుతూ ఉండేవారు. పెద్దవాళ్ళని తిట్టడం ఇష్టం లేదేమోలే అనుకున్నాం.

అసలు సంగతి నాకు పదేళ్ళ కిందట తెలిసింది. ఒక సాయంత్రం పెద్ద వాన. మేడమ్ నా బండి టార్పాలిన్ కిందకి వచ్చి నిలబడ్డారు. అప్పుడే డోరింగ్ వాకిట్లో పార్టీ అయి రెండ్రోజులైంది. నేను ఊరికే ఉండొచ్చుగా, "ఆ మాగ్సినో సారు ఏ బుద్ధితో పెట్టాడో మేడమ్ ఆ పేరు" అన్నాను.

మేడమ్ గొడుగు చివర్ని కాసేపు నేలకేసి పొడిచారు. "ఆయన పెట్టలేదే నెమెసియా. నేను పెట్టాను."

నా చేతిలో గరిట పాకంలో పడింది. తీయడానికి పావుగంట పట్టింది.

జరిగింది ఇది. మొదటి రోజు పొద్దున్నే బోర్డులు రాసే పెయింటరు కొట్టు ముందు కుంచె పట్టుకుని నిలబడ్డాడు. గంట కొట్టే వేళయింది. మాగ్సినో సారు హడావిడిగా వచ్చి కొత్త టీచరు చేతిలో ఒక చీటీ పెట్టి, "ఏదో ఒక పువ్వు పేరు రాసివ్వమ్మా, ఐదు నిమిషాలే ఉంది" అని వెళ్ళిపోయారు. మేడమ్‌కి గుర్తొచ్చిన పూలన్నీ మిగతా సెక్షన్లకి అయిపోయాయి. కిటికీలోంచి చూశారు. రాత్రి వానకి కొట్టు వెనక అత్తిపత్తి అంతా పూసి ఉంది, బుల్లి బుల్లి గులాబీ రంగు బంతుల్లా. ఎంత బాగున్నాయో అనుకుని రాసిచ్చేశారు. జీవశాస్త్రం బుర్ర కదా, పువ్వు కనపడింది. మాట వినపడలేదు. జెండా వందనంలో మైకులో పేర్లు చదివినప్పుడు వినపడింది. స్కూలు స్కూలంతా పగలబడి నవ్వింది. ఎనిమిదో వరసలో యాభై మంది పిల్లలు తలలు దించుకున్నారు.

"అప్పుడే చెప్పాల్సింది" అన్నారు మేడమ్. "చెబుదామని నోరు తెరిచాను. సారు మైకులో, 'ఎందుకా నవ్వు? నాకా పేరు నచ్చింది' అన్నారు. దాంతో అందరూ ఆయనే పెట్టారనుకున్నారు. నేను నోరు మూసుకున్నాను. మర్నాడు చెబుదాం అనుకున్నాను. ఆ మర్నాడు ఇంకా రాలేదే."

మార్పించాలని ఆవిడ ప్రయత్నించకపోలేదు. మాగ్సినో సారు తర్వాత వచ్చిన ఒక్కో హెడ్మాస్టరు దగ్గరికీ వెళ్ళారు. ఫారాలు వెళ్ళిపోయాయనో, రిజిస్టర్లు అచ్చయిపోయాయనో, పేరులో ఏముంది మేడమ్ అనో ఏదో ఒకటి చెప్పి పంపేశారు. ఇక ఆవిడ చేతిలో ఉన్నది ఒక్కటే, ఆ సెక్షనుని వదలకుండా ఉండటం. చిలగడదుంపలూ, గచ్చూ, మూడుసార్లు వద్దన్న గులాబీ, అన్నీ అందుకే.

"మాకు చెప్పేయండి మేడమ్. ఏమంటాం?" అన్నాను.

"మీరు ఏమంటారన్నది కాదే. ముప్ఫై ఏళ్ళు నన్ను అమ్మలా చూశారు. ఇది తెలిశాక కూడా అలాగే చూస్తారా లేదా అన్నది నాకు తెలీదు. తెలుసుకునే ధైర్యం లేదు" అన్నారు. నా చేత ఒట్టు వేయించుకున్నారు. నా నోరు ఎంత పెద్దదో ఊరందరికీ తెలుసు. ఆ నోటిని పదేళ్ళు మూసుకున్నాను. నాకు కూడా ఏదైనా మెడల్ ఇవ్వాలి.

రిటైరైన వారం, అక్టోబరు చివర్లో, డోరింగ్ వాకిట్లో ఆవిడకి విందు పెట్టాం. అరవై మంది వచ్చాం. కాల్చిన చేపలు, ఒక పంది, ఒక గంగాళం నూడుల్స్. డోరింగ్ మొదటి గ్లాసు ఎత్తాడు.

"డోరింగ్, ఆ గ్లాసు కింద పెట్టు" అన్నారు మేడమ్, నిలబడి.

"పోశాక పెడతానండీ."

"పొయ్యకముందే పెట్టు. ఆ పేరు పెట్టింది ఆయన కాదు. నేను."

అందరూ జోకనుకుని నవ్వారు. మేడమ్ నవ్వలేదు. చీటీ, పెయింటరు, కిటికీ, మైకు, మొత్తం చెప్పారు, పాఠం చెప్పినట్టు వరసగా. చెప్పినంతసేపూ టేబులు అంచు పట్టుకునే ఉన్నారు. అయ్యాక ఒక్కొక్కరి ముఖంలోకీ చూశారు. వీళ్ళలో ఒక్కడు ముఖం తిప్పుకున్నా ఆవిడ బతకరు అనిపించింది.

డోరింగ్ గ్లాసు కింద పెట్టాడు. టోపీ తీసి తల గోక్కున్నాడు. "ఒక్క సంగతి తేల్చుకుందాం మేడమ్. అంటే ముప్ఫై ఏళ్ళ మంచి సారా మేం తప్పుడు అడ్రసుకి పోశామన్నమాట."

వెనకనించి ఎవరో ఫక్కుమన్నారు. 

"నవ్వకండ్రా!" అన్నారు మేడమ్. "ఆయన్ని తిట్టిన తిట్టు నన్ను తిట్టండి. నాకు రావాల్సింది అది. తిట్టు, డోరింగ్."

డోరింగ్ చుట్టూ చూశాడు. ఎవరూ సాయం రాలేదు. యాభై దాటిన మనిషి, ముగ్గురు మనవలున్న మనిషి, చేతులు కట్టుకుని, తల వంచుకుని, "మీరు... మీరు సిగ్గులేనివారండీ, మేడమ్" అన్నాడు.

అంత మర్యాదగల తిట్టు మా జిల్లాలో ఇంతకు ముందు ఎవరూ తిట్టి ఉండరు. అరవై మందీ కడుపులు పట్టుకున్నారు. మేడమ్ కూడా నవ్వేశారు, కళ్ళనీళ్ళతో. ఆడవాళ్ళం వెళ్ళి చుట్టూ చేరాం. ఎవరో పళ్ళెంలో మంచి ముక్కలు ఏరి పెట్టారు. అయిపోయింది, గండం గడిచింది అనుకున్నాను.

గడవలేదు. తింటూ తింటూ మేడమ్ చెయ్యి ఆగిపోయింది. "మీరు నవ్వేశారు. ఆయన నవ్వలేరు కదే" అన్నారు నాతో. "ఆయన బతికుండగా కూడా నేను ఇక్కడ కూర్చుని విన్నాను. ఒక్కమాట అనలేదు."

నాలుగో రోజు సమాధుల పండగ. ఊరు ఊరంతా కొవ్వొత్తులూ, కుర్చీలూ, అన్నం గిన్నెలూ మోసుకుని పోయినవాళ్ళ దగ్గరికి వెళ్ళే రోజు. మధ్యాహ్నం మేం, ఒక్కోటి చిన్న బస్సంత ఉండే మూడు జీపుల్లో బయల్దేరాం. మాగ్సినో సారు సమాధి దగ్గర ఆయన కూతురు ఫెలీసా అక్క మడతకుర్చీ వేసుకుని, ఫ్లాస్కులో కాఫీ పెట్టుకుని, ఆకుల్లో చుట్టిన జిగురన్నం మనవలకి పంచుతోంది. అరవై మంది ఒక్కసారిగా వచ్చి నిలబడేసరికి కంగారుపడి లేచింది.

సమాధి మీద సారు పేరు కనపడగానే మాకేమైందో, ఎవరూ చెప్పకుండానే వరసగా నిలబడి, "గుడ్ ఆఫ్టర్‌నూన్, సార్ మాగ్సినో!" అన్నాం, స్కూల్లో లాగే రాగం తీస్తూ. పక్క సమాధుల వాళ్ళందరూ తింటున్నది ఆపి చూశారు.

డోరింగ్ గొంతు సవరించుకున్నాడు. "సార్, మిమ్మల్ని ముప్ఫై ఏళ్ళు ఊరికే తిట్టామండీ. మీది తప్పు లేదని మొన్ననే తెలిసింది. క్షమించాలండీ. సారా మాత్రం వెనక్కి అడగం."

మేడమ్ ముందుకొచ్చారు. గొడుగు నా చేతికిచ్చారు. "ఫెలీసా, మీ నాన్నగారు పడాల్సిన మాటలు కావమ్మా అవి. ఆ చీటీ రాసింది..."

"మీరే కదా మేడమ్" అంది ఫెలీసా అక్క. "మాకు తెలుసు."

మేడమ్ నావైపు తిరిగారు, నువ్వా చెప్పింది అన్నట్టు.

"చీటీ అడిగింది ఆయనే కదా, ఆయనకి తెలీకుండా ఎలా ఉంటుంది? ఆ రోజు సాయంత్రం ఒకాయన కొడవలి పట్టుకుని మా ఇంటికొచ్చాడు, నా కొడుక్కి సిగ్గుమాలిన పేరు పెట్టిందెవరని. నాన్న గుమ్మంలో నిలబడి, నేనే అన్నారు. అమ్మ ఏడ్చింది, ఎందుకండీ లేనిపోనిది నెత్తినేసుకుంటారని. 'ఆ పిల్ల రేపు పొద్దున్న ఆ యాభై మంది ముందు నిలబడి పాఠం చెప్పాలే. నాకేం, నేను ఆఫీసులో కూర్చుంటాను. తిట్లు నా దాకా వచ్చేసరికి చల్లారిపోతాయి' అన్నారు. అయినా తొందర పెట్టింది నేనే కదా, అనేవారు ఎప్పుడూ."

"నాతో ఒక్కసారైనా అనలేదే" అన్నారు మేడమ్.

"మీ అంతట మీరే వస్తారని చూసేవారండీ. రిటైరయ్యాక కూడా. గేటు చప్పుడైతే, దిమాందల్ టీచరేమో చూడవే అనేవారు. మీరొస్తే ఏమనాలో కూడా అనుకుని పెట్టుకున్నారు."

"ఏమందామనుకున్నారు?"

"తొందరేం లేదమ్మా, కూర్చో. అంతే."

మేము అరవై మందిమీ నిలబడే ఉన్నాం. దిమాందల్ మేడమ్ సారు పక్కన, ఆ గడ్డిలో, కూర్చున్నారు.